గడియ ఎవరి పక్క?

ఆస్పరిలో మాది పాత మట్టి మిద్దె. రాతి గోడలు, వేప దూలాలు, పైన చవుడు. పోయిన వానలకు పడసాల మూల కారింది. దూలం గోడలోకి దిగిన చోట వేలితో నొక్కితే పొడి పొడిగా రాలింది. ఇక ఇల్లు ముట్టుకోక తప్పలేదు. మామ పోయాక అత్త ఒక్కతే. ఇంటికి ఆనించి ఆమెకో గది, బాత్రూము కట్టి, మిగిలింది బాగుచేద్దామనుకున్నాం.

బండలు బేతంచెర్లవా, తాడిపత్రివా అని మేస్త్రీ అడిగాడు. ఇంట్లో రెండు రోజులు అదే మాట. మూడో రోజు అత్త అంది: "బండలు మీ ఇష్టమమ్మా. నా పొయ్యి యాడ పెడతారు?"

నాకు గుండె గుభేలుమంది. పొయ్యి వేరైందంటే కాపురం చీలిందనే కదా మన దగ్గర అర్థం. "ఊళ్లో ఏమనుకుంటారత్తా?" అన్నాను. ఆమె బదులు చెప్పలేదు. మర్నాడు తెల్లవారకముందే జొన్నరొట్టె తట్టే చప్పుడుకు మెలకువ వచ్చింది. ఇన్నేళ్లూ ఆ చప్పుడుతోనే లేస్తున్నాను. ఆ చేతులను ఖాళీగా కూర్చోబెట్టడానికా నేను గది కడుతున్నది?

ఈ పక్క పల్లెల్లో సుగ్గికని గుంటూరు వైపు మిరప కోతలకో, బెంగళూరు కట్టడం పనులకో పిల్లలు పోతే, ముసలోళ్లే నెలల తరబడి వండుకుంటారు, మనవళ్లకు పెడతారు. పిల్లలు తిరిగి రాగానే పొయ్యి వదిలి మంచమెక్కమంటే ఎవరికి మనసొప్పుతుంది? అత్త గదిలో పొయ్యి ఖాయం చేశాం.

కొత్త గోడను పాత గోడకు కలిపి కట్టొద్దన్నాడు మేస్త్రీ. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పాత గోడ ఎప్పుడో సర్దుకుంది, కొత్తది ఇంకా దిగుతుంది. రెండూ కలిపేస్తే చీలేది ఆ అతుకు దగ్గరే. నడుమ సన్నని సందు వదిలి, వాన నీళ్లు దిగకుండా పైన కప్పితే చాలన్నాడు. నాకా మాట బాగా నచ్చింది.

వాకిట్లో మెట్ల బదులు ఏటవాలు వేద్దామనుకున్నాను. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. మా అరుగు రెండడుగులు. ఇరవై నాలుగు అడుగులంటే వీధిలోకి పోతుంది. అందుకే వెడల్పాటి పొట్టి మెట్లు, పక్కన పట్టుకోను కమ్మీ. బాత్రూము తలుపు బయటికి తెరుచుకోవాలని మాత్రం పట్టుబట్టాను. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డమవుతుంది.

డబ్బు పెట్టేముందు ఇల్లు మా పేరున రాయించుకోమని చుట్టాలు చెప్పారు. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని చూసుకోకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద పెద్దవాళ్లు ట్రిబ్యునల్‌కు పోయి ఆ రాతను రద్దు చేయించుకోవచ్చు. మాకు ఆ రాతే వద్దు. ఇల్లు ఆమె పేరునే ఉంటుంది.

ఇక మిగిలింది రెండిళ్ల నడిమి తలుపు. గడియ ఎటు పక్క బిగించాలని వడ్రంగి అడిగాడు. రాత్రి ఆమెకేమన్నా అయితే మేం పోగలగాలి కదా, మా పక్కే అనబోయాను. అత్త లేచి వచ్చి తలుపు చెక్క మీద తన పక్కన అరచెయ్యి ఆనించింది. వడ్రంగి నా వైపు చూశాడు. అక్కడే గీత గీయమన్నాను.