ఆరువందల గజాల గురి: సర్వీస్ రైఫిల్ పోటీల సంప్రదాయం

సైన్యం తన సిపాయి చేతికిచ్చే రైఫిల్‌తో గానీ, ఆకారంలోనూ పనితీరులోనూ దానికి సరితూగే పౌర రైఫిల్‌తో గానీ 200 నుంచి 600 గజాల దూరంలో నిలిపిన కాగితపు టార్గెట్లను కొట్టే పోటీని సర్వీస్ రైఫిల్ షూటింగ్ అంటారు. ఈ క్రీడకు అమెరికాలో శతాబ్దానికి మించిన చరిత్ర ఉంది. అక్కడి ఫైరింగ్ లైన్‌పై వృత్తి సైనికులు, ఉద్యోగస్థులు, రైతులు, హైస్కూలు విద్యార్థులు పక్కపక్కనే చేరి ఒకే కొలమానంతో తమ నేర్పును తేల్చుకుంటారు. పరికరాల్లో పెద్ద తేడా లేకుండా నియమావళి కట్టడి చేస్తుంది కనుక మార్కుల్లో కనబడే తేడా చాలావరకు షూటర్ శరీరం నుంచి, ఓర్పు నుంచి, గాలిని అంచనా కట్టే తెలివి నుంచి వస్తుంది. కొత్తగా చేరేవారు ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే. ఖరీదైన రైఫిల్ కోసం ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి ఆ తర్వాత మొదలుపెడదామనుకునేవారు తమకు తెలియకుండానే నేర్చుకునే కాలాన్ని పోగొట్టుకుంటారు.

ఈ సంప్రదాయపు మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి. 1859లో అక్కడ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడగా, మరుసటి ఏడు వింబుల్డన్ మైదానంలో జరిగిన తొలి పోటీలను విక్టోరియా రాణి స్టాండుపై బిగించిన రైఫిల్‌ను తానే పేల్చి ప్రారంభించింది. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల గురి ఎంత పేలవంగా ఉందో కళ్లారా చూసిన విలియం చర్చ్, జార్జ్ వింగేట్ అనే అధికారులు 1871లో అదే పేరుతో తమ దేశంలోనూ ఒక సంఘాన్ని స్థాపించారు. 1903లో అమెరికా కాంగ్రెస్ రైఫిల్ సాధనను ప్రోత్సహించేందుకు ఒక జాతీయ బోర్డును ఏర్పరచడంతో నేషనల్ మ్యాచెస్ న్యూజెర్సీలోని సీ గర్ట్‌లో మొదలై, 1907లో ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డునున్న క్యాంప్ పెర్రీకి చేరాయి. 1813లో ఆ సరస్సుపై బ్రిటిష్ నౌకాదళాన్ని ఓడించిన ఆలివర్ హజార్డ్ పెర్రీ పేరే ఆ స్థలానికి పెట్టారు. 1996లో చేసిన చట్టం ద్వారా రైఫిల్ సాధనను ప్రోత్సహించే బాధ్యత సైన్యం చేతినుంచి సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే లాభాపేక్ష లేని సంస్థకు బదిలీ అయింది. క్రీడాకారులు దీన్ని సీఎంపీ అని పిలుస్తారు.

రైఫిళ్లు కాలంతో మారుతూ వచ్చాయి. 1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్, 1936లో సైన్యం స్వీకరించిన ఎం1 గరాండ్, ఆ తర్వాతి ఎం14 తమ తమ కాలాల్లో ఏలగా, ఇప్పుడు లైన్‌పై ఎక్కువగా కనిపించేది ఎం16 కుటుంబానికి చెందిన ఏఆర్-15. చిన్న బుల్లెట్ వేసే ఈ రైఫిల్ 600 గజాల్లో నిలవదని మొదట్లో చాలామంది తీసిపారేసినా, భారమైన పొడవాటి బుల్లెట్లు, వాటిని తగినంత వేగంగా తిప్పే బారెళ్లు వచ్చాక ఆ మాట వెనక్కిపోయింది. 2016 నుంచి నాలుగున్నర రెట్ల వరకు పెద్దది చేసి చూపే టెలిస్కోప్‌ను అనుమతించడంతో చూపు మందగించిన పాత షూటర్లు కూడా మళ్లీ లైన్ మీదికి రాగలిగారు. ట్రిగ్గర్ మాత్రం కనీసం నాలుగున్నర పౌండ్ల బరువును ఎత్తగలగాలి, అంటే అది కదలాలంటే దాదాపు రెండు కిలోల ఒత్తిడి పెట్టాలి. ఒలింపిక్ రైఫిళ్ల సున్నితమైన ట్రిగ్గర్లతో పోల్చితే ఇది మొండిదే.

పోటీకి వెన్నెముక నేషనల్ మ్యాచ్ కోర్స్. ఇందులో మొత్తం 50 రౌండ్లు, 500 మార్కులు. మొదట 200 గజాల నుంచి నిలబడి పది నిమిషాల్లో పది రౌండ్లు, తర్వాత అదే దూరంలో కూర్చుని గానీ మోకాలిపై గానీ 60 సెకన్లలో పది, ఆపై 300 గజాల నుంచి బోర్లా పడుకుని 70 సెకన్లలో పది, చివరగా 600 గజాల నుంచి పడుకునే 20 నిమిషాల్లో ఇరవై రౌండ్లు వేయాలి. రెండు వేగపు దశల్లోనూ మధ్యలో మ్యాగజైన్ మార్చక తప్పదు. 200, 300 గజాల టార్గెట్లలో పది మార్కుల వలయం వెడల్పు 7 అంగుళాలు, 600 గజాల్లో 12 అంగుళాలు. దాని లోపల ఎక్స్ అనే ఇంకా చిన్న వలయం ఉంటుంది, మార్కులు సమానమైనప్పుడు విజేతను ఎక్స్‌ల సంఖ్యే తేలుస్తుంది.

ఈ విద్యలో అన్నిటికన్నా సూక్ష్మమైనది స్లింగ్ వాడకం. రైఫిల్‌ను భుజానికి తగిలించుకునే తోలు పట్టీనే ఉచ్చులా మలచి ఎడమ చేతి పైభాగానికి, కండకు ఎగువన, బిగించి, ఆ చేతిని పట్టీ చుట్టూ తిప్పి రైఫిల్ ముందు భాగం కిందికి చేరిస్తే, మోచేయి నేలకు ఆనిన క్షణం నుంచి బరువును కండరాలు కాక ఎముకలూ తోలూ మోస్తాయి. పట్టీ సరిగా బిగిసిందనడానికి గుర్తు ఎడమ చేతి వేళ్లను పూర్తిగా వదులు చేసినా రైఫిల్ కదలకపోవడం. ఉచ్చు మరీ కిందికి దిగితే మోచేతి దగ్గరి రక్తనాళంపై ఒత్తిడి పడి, గుండె కొట్టుకున్నప్పుడల్లా గురి చుక్క లయబద్ధంగా ఎగురుతుంది. మందమైన షూటింగ్ కోటు, చేతి తొడుగు ఈ నాడి చప్పుడును చాలావరకు మింగేస్తాయి. అనుభవజ్ఞులు కొత్తవారికి రైఫిల్ కంటే ముందు మంచి స్లింగ్‌నూ కోటునూ కొనమని చెప్పడంలో ఎంతో వివేకం ఉంది.

స్లింగ్ తర్వాత నేర్వవలసినది సహజ గురిబిందువు, అంటే బలవంతం లేకుండా వదిలేసినప్పుడు శరీరం రైఫిల్‌ను ఎటు చూపుతుందో ఆ చోటు. షూటర్ గురి చూసి, కళ్లు మూసి, ఒకటి రెండు శ్వాసలు తీసి వదిలి, మళ్లీ కళ్లు తెరిచినప్పుడు గురి టార్గెట్ పక్కకు జరిగి ఉంటే చేతులతో రైఫిల్‌ను లాగి సరిచేయకూడదు. తుంటినో పాదాలనో కొద్దిగా జరిపి శరీరమంతటినీ తిప్పాలి. చేతులతో లాగి సరిదిద్దిన గురి రైఫిల్ పేలే క్షణంలో కండరం సడలగానే పాత చోటికే పోతుంది. ఒకే తప్పు వరుసగా ఒకే దిక్కున పడుతున్నదంటే దానికి కారణం చాలాసార్లు ఇదే.

స్లింగ్ ఆసరా నిలబడి వేసే దశలో చెల్లదు కనుక కొత్తవారిని ఎక్కువగా కుంగదీసేది ఆ దశే. ఎడమ తుంటిని టార్గెట్ వైపు తిప్పి, పక్కటెముకలపై మోచేతిని ఆనించి, వెన్నును కొద్దిగా వెనక్కి వంచి రైఫిల్ బరువును పాదాల మీదికి దింపినా గురి చుక్క కదులుతూనే ఉంటుంది. అది మధ్యకు వచ్చిన క్షణాన్ని పట్టుకుని ట్రిగ్గర్‌ను టక్కున నొక్కాలన్న ఆత్రం కలిగితే గుండు పక్కకు పోతుంది. చుక్క మధ్యలో మసలుతున్నంతసేపూ ఒత్తిడిని క్రమంగా పెంచడం, అది దూరంగా పోతే నొక్కడం ఆపి రైఫిల్ దించి మళ్లీ మొదలుపెట్టడం నిజమైన నేర్పు. పది నిమిషాల వ్యవధి ఇచ్చింది అందుకే. ఈ నేర్పును తూటా ఖర్చు లేకుండా ఇంట్లోనే, చాంబర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, తూటాలను వేరే గదిలో ఉంచి, గోడపై అతికించిన చిన్న నల్లచుక్కను గురిచూస్తూ సాధించవచ్చు. దీన్ని డ్రై ఫైర్ అంటారు.

600 గజాల దగ్గర విద్య స్వభావమే మారిపోతుంది. శరీరం అప్పటికి నిశ్చలమై ఉంటుంది, పరీక్షంతా గాలిదే. గంటకు పది మైళ్ల పక్కగాలి 80 గ్రెయిన్ల బుల్లెట్‌ను అంత దూరంలో సుమారు రెండున్నర అడుగులు తోసేస్తుంది, అంటే మైలుకు మూడు అంగుళాల చొప్పున. పది మార్కుల వలయం మధ్య నుంచి అంచు వరకు ఆరు అంగుళాలే కనుక, గాలి వేగంలో రెండు మైళ్ల పొరపాటు మధ్యలో పడవలసిన గుండును అంచుకు చేరుస్తుంది. క్యాంప్ పెర్రీలో సరస్సు మీదినుంచి వీచే గాలి పదేపదే బలం మారుస్తుంది. అందుకని షూటర్ జెండాల వంపును చూడటంతో సరిపెట్టుకోక, స్పాటింగ్ స్కోప్‌ను టార్గెట్‌కు కొంచెం ఇవతల ఫోకస్ చేసి నేలమీద తేలే ఎండమావి ఎటు పారుతోందో గమనిస్తాడు. అది నిట్టనిలువుగా మరుగుతున్నట్టు కనబడితే గాలి లేనట్టో, ఎదురుగానో వెనుకగానో వీస్తున్నట్టో లెక్క. సైట్‌పై ఒక్కో క్లిక్‌కు గుండు ఎంత జరుగుతుందో మినిట్ ఆఫ్ యాంగిల్ అనే కొలతలో చెబుతారు. డిగ్రీలో అరవయ్యో వంతైన ఈ కొలత 100 గజాల్లో సుమారు ఒక అంగుళానికి, 600 గజాల్లో ఆరు అంగుళాలకు సమానం. ప్రతి రౌండుకూ గురి ఎక్కడ విడిచిందో, గుండు ఎక్కడ పడిందో, సైట్ ఏ అంకె మీద ఉందో డేటా బుక్‌లో రాసుకోని షూటర్‌కు వచ్చే నెల మళ్లీ మొదటి నుంచే మొదలు. పతకాలకు లెక్కవచ్చే మ్యాచ్‌లలో సంప్రదాయంగా ముందస్తు పరీక్ష రౌండ్లు ఉండవు, కాబట్టి మొదటి గుండు నుంచే మార్కు పడుతుంది, ఆ మొదటి గుండును నడిపించేది ఆ పుస్తకమే.

ఈ క్రీడలో చూసేవారికి కనపడని సగం పిట్స్‌లో జరుగుతుంది. టార్గెట్ల కింద, ఎత్తైన మట్టికట్ట చాటున నిలిచిన పోటీదారులు పక్క బృందం కోసం టార్గెట్లను లాగుతారు. తలపై నుంచి బుల్లెట్ ధ్వనివేగాన్ని మించి పోతూ కొరడా దెబ్బలా పగిలిన చప్పుడు విని టార్గెట్‌ను దించి, రంధ్రాన్ని వెతికి, ఒక వైపు తెల్లగా మరొక వైపు నల్లగా ఉండే చిన్న బిళ్లను అందులో గుచ్చి, మార్కును తెలిపే డిస్క్‌ను అంచున తగిలించి మళ్లీ పైకెత్తుతారు. ఎండలో ఇరవై రౌండ్లు ఇలా ఓపికగా చేసేవారిపైనే అటు పడుకున్న షూటర్ లయ ఆధారపడి ఉంటుంది; తర్వాతి వంతులో స్థానాలు తారుమారవుతాయి. అలబామాలోని టాలడేగాలో సీఎంపీ 2015లో ప్రారంభించిన రేంజ్‌లో ఎలక్ట్రానిక్ టార్గెట్లు ఈ శ్రమను తీసేశాయి, కానీ ఒకరి పోటీని మరొకరు తన చేతులతో నడిపే ఆ పాత పద్ధతిలో ఉన్న పరస్పర విశ్వాసం స్క్రీన్‌పై చుక్క చూసుకోవడంలో రాదు.

కొత్తవారికి వచ్చే దారి అనుకున్నంత ఇరుకు కాదు. సీఎంపీకి అనుబంధమైన స్థానిక క్లబ్బుల్లో చాలావాటిలో పాత సభ్యులు తమ రైఫిల్, కోటు అప్పుగా ఇస్తారు. జాన్ సి. గరాండ్ మ్యాచ్‌లో 200 గజాల దూరంలోనే 30 రౌండ్లు, 300 మార్కులు కనుక తొలి పోటీకి అది చక్కగా సరిపోతుంది. క్యాంప్ పెర్రీలోని స్మాల్ ఆర్మ్స్ ఫైరింగ్ స్కూల్‌లో సైనిక మార్క్స్‌మెన్ దగ్గరుండి మొదటి పాఠాలు నేర్పుతారు. రేంజ్‌పై తుపాకీ మూతి ఎప్పుడూ టార్గెట్ల వైపే ఉండటం, కాల్పులు ఆగినప్పుడు చాంబర్‌లో ప్లాస్టిక్ జెండా గుచ్చి ఉంచడం, ఆదేశం లేనిదే తుపాకీని తాకకపోవడం అనే నియమాలను మన్నించనివారిని ఎంతటి మేటి అయినా లైన్ నుంచి పంపేస్తారు.

భారతదేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం సైనిక బోర్ రైఫిళ్లు పౌరులకు నిషిద్ధం కాబట్టి ఈ పోటీ యథాతథంగా ఇక్కడ జరగదు. అయినా 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ నిలబడే తీరు, ఎముకపై బరువు దింపి, సహజ గురిబిందువును సరిచూసుకుని, ట్రిగ్గర్‌ను తొందరపెట్టకపోవడం, ఈ విద్యకు పరాయివి కావు. 1964 టోక్యోలోనూ 1968 మెక్సికో సిటీలోనూ 300 మీటర్ల రైఫిల్‌లో స్వర్ణాలు గెలిచి, తర్వాత సీఎంపీని నడిపించిన గ్యారీ ఆండర్సన్ జీవితం కూడా ఒలింపిక్ విద్యా సర్వీస్ రైఫిలూ ఒకే చెట్టు కొమ్మలని చూపుతుంది. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలకైతే పాఠశాల ఎయిర్ రైఫిల్ జట్లే మొదటి మెట్టుగా ఉపయోగపడతాయి.

ఆసక్తి నిలిచినవారు చేరాలని కోరుకునే గమ్యం డిస్టింగ్విష్డ్ రైఫిల్‌మన్ బ్యాడ్జ్. సైన్యం 1884లోనే మొదలుపెట్టిన ఈ గౌరవానికి 30 పాయింట్లు కావాలి. అర్హతగల మ్యాచ్‌లో ఇంకా బ్యాడ్జ్ పొందనివారిలో పై పదిశాతంలో నిలిచినవారికే స్థానాన్ని బట్టి 6, 8 లేదా 10 పాయింట్లు దక్కుతాయి, వాటిలో కనీసం ఒకసారైనా 8 లేదా 10 రావాలి. కొందరు రెండు మూడేళ్లలో ముగిస్తే, మరికొందరు పదేళ్లు పట్టినా వదలరు, వారి డేటా బుక్‌లో పదేళ్ల గాలులూ నమోదై ఉంటాయి.