చట్టిలో చెరువు

బెండు గజగజ వణికి ఆగిందంటే జిలేబి చేప. నిదానంగా పక్కకు నడిచిపోతే రోహు. ఒక్క గుటకలో మాయమైతే మాత్రం కొరమీను, ఇక దారం చెయ్యి కోయకుండా చూసుకోవాలి. కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న గౌనిపల్లి వైపు ఆదివారం పూట చెరువు కట్ట మీద కూర్చునేవాళ్ళ చూపంతా నెమలి ఈక కాడతో చేసిన ఆ బెండు మీదే. చేప ఏదో తేలితే ఇంట్లో పులుసా, వేపుడా అన్నదీ అక్కడే తేలిపోతుంది.

ఈ వైపు చేప అంటే చెరువు చేపే. సముద్రం దూరం, ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. పాలారు, పెన్న, పాపఘ్ని పేర్లకు గొప్పవే గాని ఇక్కడ వాటి ఇసుకను చూసినంతగా నీళ్ళను చూసినవాళ్ళు తక్కువ. అందుకే పెద్దలు వాననీటిని కట్టలు పోసి ఆపుకున్నారు. 2007లో చిక్కబళ్ళాపురం విడిపోక ముందు ఉమ్మడి కోలారు జిల్లాలో నాలుగు వేలకు పైగా చెరువులుండేవి. ఏళ్ళ తరబడి నెర్రెలు విచ్చిన చెరువులు కూడా 2021 నవంబరు వానలకు నిండి కోడి (అలుగు) పారాయి. కోడి దగ్గర లుంగీలు ఎగ్గట్టి, దోమతెరలు అడ్డం పట్టి చేపలకు నిలబడినవాళ్ళలో గాలం వేయడం వచ్చినవాళ్ళెందరో చెప్పలేం. వరద చేపకు విద్య అక్కర్లేదు.

గాలానికి కావాలి. సామాను చిన్నదే: వెదురు బద్ద, నైలాన్ దారం, ముల్లు, పేడదిబ్బ అడుగున తవ్వి తీసిన ఎర్రలు. రోహుకు, బొచ్చెకు పిండి ముద్ద, కొరమీనుకు చిన్న కప్ప. చెరువులో చేపల హక్కు ఏలం పాటలో పోతుంది కాబట్టి పాట పాడినవాణ్ణి ఒక మాట అడిగి కూర్చోవడం మర్యాద. ఒక్క గాలం చూస్తే అతను పట్టించుకోడు, వల తీస్తే ఊరుకోడు. ఇంకో మర్యాద ఉంది, దాన్ని పాటించేవాళ్ళు తగ్గిపోయారు. నీళ్ళ మీద ఎర్రటి పిల్లల గుంపు బుడబుడమంటుంటే కింద తల్లో తండ్రో కాపలా ఉన్నట్టు. అక్కడ ముల్లు వేస్తే కొరమీను తప్పకుండా కొరుకుతుంది. ఆకలితో కాదు, పిల్లల్ని కాచుకోవడానికి. దాన్ని లాగేస్తే ఆ పిల్లలన్నీ పూటలో వేరే చేపల పొట్టలోకి పోతాయి. అంత సులువుగా దొరికే చేపను పట్టడంలో గొప్పేముంది?

ఇదే కర్ణాటకలో కావేరి ఒడ్డున భీమేశ్వరి వంటి చోట్ల చాలాకాలం వేరే ఆట నడిచింది. దూరదేశాల నుంచి వచ్చినవాళ్ళు మహసీర్ చేపను గంటసేపు ఆడించి పట్టి, ఫొటో తీసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాళ్ళు. ఆ జాతి నిలవాలంటే అదే దారి కావచ్చు. జర్మనీలో లెక్క తలకిందులు. తగిన కారణం లేకుండా జంతువును బాధపెట్టడం అక్కడి చట్టం ఒప్పుకోదు, గాలం వేయడానికి తగిన కారణమంటే ముందుగా గుర్తొచ్చేది తిండే. మన కట్ట మీద కూర్చున్నవాడికి ఈ రెండు వాదాలూ వింతే. తినని చేపను పట్టడమెందుకని అడుగుతాడు.

తినాలంటే ముందు వాసన సంగతి చూడాలి. చెరువు చేపకు మట్టివాసన అని సముద్రపు చేప తినేవాళ్ళు ముక్కు చిట్లిస్తారు. జియోస్మిన్ అనే పదార్థం దానికి మూలం. నీళ్ళలోని నీలి ఆకుపచ్చ నాచు, బురదలోని కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. తొలకరి చినుకుకు నేల నుంచి లేచే కమ్మదనంలో ఉండేదీ అదే. నేల మీద కవులకు ముద్దు, కూరలో ఎవరికీ వద్దు. అది చేప చర్మంలో, పొట్ట కొవ్వులో పేరుకుంటుంది. దానికి విరుగుళ్ళు రెండు. ఒకటి మంచినీళ్ళు. కొరమీను గాలి పీల్చగల చేప కాబట్టి తడి గోనెసంచిలో ప్రాణంతోనే ఇల్లు చేరుతుంది. దాన్ని తొట్టిలో వేసి, నీళ్ళు మారుస్తూ రెండు మూడు రోజులు ఉంచితే ఒంట్లోని మట్టివాసన చాలావరకు నీళ్ళలోకి దిగిపోతుంది. రెండోది పులుపు. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగి వాసన లేని మరో పదార్థమవుతుంది. చేప ముక్కలకు ఉప్పు, పసుపుతో పాటు మజ్జిగో నిమ్మరసమో పట్టించి ఉంచే ఆడవాళ్ళకు జియోస్మిన్ పేరు తెలియకపోవచ్చు, దాని సంగతి మాత్రం తెలుసు.

పులుపుకు లొంగనివి కూడా చెరువుల్లోకి వస్తాయన్న భయం ఇప్పుడుంది. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని కోరమంగళ–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసి కోలారు జిల్లా చెరువులకు ఎత్తిపోస్తున్నారు. మొదట నీళ్ళు చేరిన లక్ష్మీసాగర చెరువులో ఆ జులైలోనే నురగ లేచింది, వ్యవహారం హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎండిన బోర్లలో నీళ్ళు పైకొచ్చిన మాటా నిజమే. అయితే శుద్ధి రెండో దశలోనే ఆగుతోంది, మూడో దశా కావాలన్నది రైతుల పట్టు. భారలోహాలు వండితే పోవు, కడిగితే పోవు. పాదరసం వంటివి ఎక్కువ కాలం బతికిన పెద్ద చేపలో, సాటి చేపల్ని మింగి బతికే చేపలో ఎక్కువగా పేరుకుంటాయి. కాబట్టి ఏ చెరువులోకి ఏ నీళ్ళు వస్తున్నాయో తెలుసుకుని గాలం వేయాలి, అనుమానముంటే కిలో లోపు చేపతో సరిపెట్టుకోవాలి. అంగట్లో కొన్న చేపను ఈ ప్రశ్న అడగలేం. మన చేత్తో పట్టినదాని ఊరూ నీళ్ళూ మనకు తెలుసు.

శుభ్రం చేయడం నేను మామ దగ్గర నేర్చుకున్నాను, సగమే. కొరమీను ఒళ్ళంతా జిగురు, చేతిలో నిలవదు. తల మీద ఒక్క దెబ్బ వేసి, బూడిదలో దొర్లించి, గరుకు బండ మీద తోక నుంచి తల వైపు రుద్దుతాడు. జిగురు, పొలుసు కలిసే ఊడతాయి. పొట్ట చీల్చేటప్పుడు కత్తి మొన పైకే ఉండాలి. కాలేయాన్ని అంటుకుని పచ్చటి చేదు తిత్తి ఉంటుంది. “తిత్తి జాగ్రత్తప్పా, పగిలిందంటే చట్టి చట్టే పారబోయాల” అన్నాడు. నేను పగలగొట్టాను, పారబోశాం. రోహు తిత్తిని షుగరుకు మందని పచ్చిగా మింగేవాళ్ళున్నారు. అది విషం, మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు. పొట్ట లోపలి నల్లటి పొరను కూడా ఉప్పుతో రుద్ది తీసేయాలి.

జిలేబి వేపుడుకు మంచిది. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ చేప, పిల్లల్ని నోట్లో దాచుకుని పెంచే తెలివితో చెరువులన్నీ ఆక్రమించేసింది. కాబట్టి ఎన్ని తిన్నా పాపం లేదు. రోహుకు, బొచ్చెకు కండలో సన్నముళ్ళు, పిల్లలకు పెట్టేటప్పుడు భయం. కొరమీనుకు ఆ బాధ లేదు, ముల్లంతా నడుమనే.

పులుసుకు మట్టి చట్టి. శనక్కాయ నూనెలో మెంతులు, కరివేపాకు, తరిగిన ఎర్రగడ్డలు. ధనియాలు, ఎండుమిరప, జీలకర్ర వేయించి తెల్లగడ్డతో, కాస్త కొబ్బరితో నూరిన ముద్ద. అది నూనె తేలేదాకా వేగితేనే చింతపండు రసం పోయాలి. ఎండల్లో చెరువు అడుగంటి కొరమీను చేతికందే రోజులూ, శ్రీనివాసపురం తోటల్లో మామిడి కాయగా ఉండే రోజులూ ఒకటే. అప్పుడు చింతపండు సగం తగ్గించి పుల్లటి మామిడి ముక్కలు వేస్తారు. నా మటుకు ఆ పులుసు ముందు మరేదీ నిలవదు. రసం తెర్లి కాస్త చిక్కబడ్డాకే చేప ముక్కలు. ఇక గరిటె ముట్టకూడదు. చట్టిని గుడ్డతో పట్టుకుని మెల్లగా కుదపాలి. పది నిమిషాలకు దించేస్తే మిగతాది చట్టి వేడే చూసుకుంటుంది.

రాత్రి వేడి సంగటిలోకి తిన్నది రుచి చూసినట్టే లెక్క. తెల్లారి చట్టి మూత తీస్తే పులుసు గడ్డకట్టినట్టుంటుంది, ముక్కలు ఉప్పూ పులుపూ లోపలిదాకా పీల్చుకుని ఉంటాయి. మామ దాన్ని వేడి చేయనివ్వడు. సద్ది సంగటిని చట్టిలోనే వేసి, అంచుకు అంటిన మామిడి ముక్కను వేలితో తీసుకుని, నన్ను దగ్గరకు జరగమంటాడు.