తిప్పి చూసినా నిలిచే పని

మా అమ్మ చీర కొనేటప్పుడు ముందు కొంగు చూసేది కాదు. మడత విప్పి, చీరను వెనక్కి తిప్పి చూసేది. వెనకవైపు దారాలు వేలాడుతున్నా, బుటా వెలవెలబోయినా కొట్టువాడు ఎంత పొగిడినా పక్కన పెట్టించేది. పోచంపల్లి చీర దగ్గర మాత్రం ఆమె చేయి ఆగేది. నూలును మగ్గం ఎక్కించకముందే ముడులు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి ఆ నేతలో బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. దానికి తిరగబడిన ముఖం అంటూ ఉండదు.

పింగళి అనే ఇంటిపేరు తలచుకున్నప్పుడల్లా నాకు ఆ చీర గుర్తొస్తుంది. తెలుగువాళ్లం ఇంటిపేరును ముందు పెట్టి, మనిషిని తర్వాత పిలుస్తాం. ఆ ముందు పేరు ఒక్కటే అయిన నలుగురు, పింగళి సూరన, పింగళి లక్ష్మీకాంతం, పింగళి నాగేంద్రరావు, పింగళి వెంకయ్య, మన భాషకూ దేశానికీ నాలుగు రకాల పని చేసిపెట్టారు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తం కలవనక్కరలేదు. ఆ లెక్కలు వంశవృక్షాలు రాసేవారికి వదిలేస్తాను. నన్ను కట్టిపడేసేది వాళ్ల పనితనం. ఒక్కదానిలో రెండింటిని ఇమిడ్చి, ఎటు తిప్పి చూసినా కుట్టు కనబడకుండా చేయడం ఈ నలుగురి పనిలోనూ ఉంది.

మొదట పదహారో శతాబ్దపు సూరన. అమరన, అబ్బమల కొడుకు. ఆయన రాఘవపాండవీయం నాలుగు ఆశ్వాసాల కావ్యం. అందులో ప్రతి పద్యాన్నీ ఒక రకంగా విరిచి చదివితే రామాయణం, ఇంకో రకంగా విరిచి చదివితే భారతం. సంస్కృతంలో ధనంజయుడు, కవిరాజు ఇలాంటి పని చేశారు. తెలుగులో వేములవాడ భీమకవి చేశాడని వినికిడే తప్ప ఆ కావ్యం మనకు చేరలేదు. చేతికందిన తెలుగు ద్వ్యర్థి కావ్యాల్లో మొదటిది సూరనదే. ఆ తర్వాత రామరాజభూషణుడు హరిశ్చంద్రనలోపాఖ్యానంతో అదే దారి పట్టాడు.

ఇది ఎలాంటి పనో తెలియాలంటే పనిముట్లు చూడాలి. మొదటి పనిముట్టు మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. ‘మావిడాకులు’ అంటే గుమ్మానికి కట్టే తోరణం కావచ్చు, ఒక జంట విడిపోవడమూ కావచ్చు. అక్షరం మారలేదు, విరుపు మారింది. దీన్నే సభంగ శ్లేష అంటారు. రెండో పనిముట్టు విరవకుండానే రెండు అర్థాలిచ్చే మాట. ‘హరి’ అంటే విష్ణువు, ‘హరి’ అంటే కోతి కూడా. భారతం వైపు నుంచి చూస్తే కృష్ణుణ్ణీ, రామాయణం వైపు నుంచి చూస్తే వానరుణ్ణీ ఆ రెండక్షరాలే మోయగలవు. మూడోది అన్నిటికంటే సున్నితమైనది. ఒక కథలో పేరైన మాట ఇంకో కథలో విశేషణంగా కరిగిపోతుంది. ‘అర్జున’ అంటే తెల్లనిది, ‘భీమ’ అంటే భయం గొలిపేది, ‘కృష్ణ’ అంటే నల్లనిది. భారతం చదివేవాడికి వీరులు నడిచి వస్తుంటే, అదే చోట రామాయణం చదివేవాడికి రంగూ రూపూ కనిపిస్తాయి.

పనిముట్లుంటే చాలదు, కలప కూడా కుదరాలి. రెండు కథలకూ కీళ్లు ఎక్కడ కలుస్తాయో ముందే చూసుకోవాలి. దశరథుడు వేటలో శబ్దాన్ని నమ్మి బాణం వేసి మునికుమారుణ్ణి చంపాడు. పాండురాజు వేటలో లేడి రూపంలో ఉన్న మునిని కొట్టాడు. ఇద్దరికీ శాపమే. ఇటు శివధనుస్సు, అటు మత్స్యయంత్రం, రెండూ స్వయంవరాలే. ఇటు పద్నాలుగేళ్ల అరణ్యం, అటు పన్నెండేళ్ల అరణ్యంతో పాటు ఒక ఏడు అజ్ఞాతం. ఇటు లంకలో, అటు కురుక్షేత్రంలో యుద్ధం. ఇతిహాసాలు రెండూ చదివినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఆ కీళ్లను తడిమి చూసి, ఇక్కడ ఒకే మేకు రెండు దూలాలనూ పట్టగలదని తేల్చుకున్నవాడు సూరన.

దీనిమీద తెలుగు ఛందస్సు పెట్టే షరతులు వేరు. సంస్కృత కవికి లేని యతిమైత్రి, ప్రాస తెలుగు కవి నెత్తిన ఉంటాయి. సంధి జరిగిన చోట యతి పడితే చిక్కు రెట్టింపవుతుంది. అక్కడ ఏ అచ్చుకు మైత్రి కుదిరిందో పదాన్ని విరిచే తీరును బట్టి మారుతుంది. రామకథకు కుదిరిన విరుపు భారతకథకు యతిభంగం తేకూడదు. ఇన్ని ముళ్ల మధ్య నుంచి దారం తీస్తూ, ఎక్కడా తెగకుండా కావ్యం చివరిదాకా లాగడం చూస్తే, గొప్ప మగ్గం ముందు నిలబడినట్టు ఊపిరి బిగబట్టాల్సిందే.

అంత పని చేసినవాడు అక్కడితో ఆగలేదు. ఎనిమిది ఆశ్వాసాల కళాపూర్ణోదయంలో శ్లేషను మాటల్లోంచి తీసి కథ అల్లికలోకి తెచ్చాడు. బ్రహ్మ సరస్వతికి సరసంగా ఒక కథ చెబుతాడు. చెప్పిన కథ భూమ్మీద నిజంగా జరుగుతుంది. కథలోని మనుషులే ఆ కథను వింటారు. మణికంధరుడు నలకూబరుడి రూపమూ, కలభాషిణి రంభ రూపమూ ధరిస్తారు. చివరికి అసలు రంభ, మాయరంభ ఎదురెదురుగా నిలబడి ‘నేనే రంభ’నని వాదించుకుంటారు. పాఠకుడికి తలతిరిగే ఈ చోటే కవి చేయి అన్నిటికన్నా స్థిరంగా ఉంటుంది. ఏ ముడి ఎప్పుడు వేశాడో మరిచిపోకుండా, వేసిన వరసలోనే విప్పుతాడు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో కవిత్వతత్త్వవిచారం రాస్తూ ఈ కావ్యాన్ని ప్రధానంగా తీసుకున్నారంటే, కొత్త విమర్శకు కూడా దీనిలో తూచదగిన బరువు కనిపించిందన్నమాట.

ఈ కావ్యంలోనే సుగాత్రీ శాలీనుల కథ ఉంది. పెళ్లయినా సిగ్గుతో దూరంగా ఉండే భర్త శాలీనుడు. నగలతో, అలంకారాలతో భార్య ఎదుటికి వచ్చినా అతని మనసు కదలదు. తోటలో అతనితో కలిసి పనికి దిగి, నగలు తీసేసి, చెమటోడుస్తున్నప్పుడు ఆమెలోని అందం అతనికి అందుతుంది. అలంకారశాస్త్రాన్ని అరచేతిలో పెట్టుకున్న కవి, అలంకారం తీసేశాకే ప్రేమ పుట్టిందని రాయడం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది.

సూరన ఒక్క పద్యంలో రెండు కథలు పెడితే, లక్ష్మీకాంతం ఇద్దరు మనుషులను ఒక్క గొంతులోకి తెచ్చారు. మచిలీపట్నంలో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి శిష్యులైన పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు కలిసి రాశారు. ఆ వెంకటశాస్త్రి ఒక సగమైన తిరుపతి వెంకట కవులు తమ పేర్లు కలిపి జంటకవులయ్యారు. వాళ్ల శిష్యులు ఇంటిపేర్లు కలిపి పింగళి కాటూరి కవులయ్యారు. ఇంటిపేరే కవిపేరైన అరుదైన సందర్భమిది. అశ్వఘోషుడి సంస్కృత కావ్యాన్ని ఆధారం చేసుకుని వీరు రాసిన సౌందరనందం 1932 నాటిది. బుద్ధుడి తమ్ముడు నందుడు ఒకవైపు భార్య సుందరి మీది ప్రేమ, ఇంకోవైపు అన్న చూపిన మార్గం మధ్య నలిగిపోతాడు. రెండు లాగుళ్ల కథను ఇద్దరు కవులు చెబుతుంటే ఏ పద్యం ఎవరిదో పోల్చుకోలేం. జంటకవిత్వానికి ఇదే పరీక్ష. ఇద్దరూ సమర్థులైనప్పుడు ఎవరి ముద్ర వారు వేయాలనిపించడం సహజం. ఆ ముద్రను చెరిపేసుకోవడానికి విద్వత్తు కంటే పెద్ద మనసు కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా తరాల విద్యార్థులకు సాహిత్య శిల్పాన్ని విప్పి చూపిన లక్ష్మీకాంతంగారికి అతుకు కనబడకుండా అతికించడమూ చేతనయింది.

ఇక రాజాంలో 1901లో పుట్టిన నాగేంద్రరావు. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి, నాటకాలు రాసి, సినిమాలకు వచ్చారు. గుణసుందరి కథ, పాతాళభైరవి, మిస్సమ్మ, జగదేకవీరుని కథ, ఇలా ఆయన కలం పట్టిన చోటల్లా ఒక తరం తెలుగువాళ్ల మాటతీరు మారింది. సంస్కృతంలో పసివాడనే అర్థమున్న ‘డింభక’ను మాంత్రికుడి నోట పెడితే, అది వీధిలో పిల్లల నోటికి వచ్చేసింది.

ఆయన పనితనానికి నిండైన నమూనా కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన మాయాబజార్. కథ, మాటలు, పాటలు ఆయనవే. పాండవుల ఇంటి పెళ్లి గొడవే కథంతా, అయినా పాండవుల్లో ఒక్కరూ తెరమీద కనబడరు. వాళ్లు లేరన్న సంగతి సినిమా అయిపోయాక కూడా చాలామందికి తట్టదు. లేనిదాన్ని ఉన్నట్టు నిలబెట్టడమూ రచయిత చేతిపనే.

ఘటోత్కచుడి కొలువులో పుట్టిన మాటలు చూడండి. ‘అస్మదీయులు’ అంటే మనవాళ్లు. అసురుల నోట ఒత్తు విడిపోయి అది ‘అసమదీయులు’ అయింది. మరి మనవాళ్లు కానివాళ్లు? ‘తసమదీయులు’. నవ్వేసి వదిలేసే మాటలా ఉంటుంది. విప్పి చూస్తే వ్యాకరణం తెలిసినవాడు చేసిన పొరపాటని తెలుస్తుంది. ‘వాడిది’ అనడానికి సంస్కృతంలో ‘తదీయం’ ఉంది. దానిలోంచి ‘త’ ఒక్కటీ తెచ్చి ‘అ’ ఉన్న చోట కూర్చోబెట్టారు. తప్పుగా పుట్టిన మాటకు ఒప్పుగా ఒక జత దొరికింది. కొత్త మాట పుట్టించినవాడికి వీరతాడు వేయించిన ఘటోత్కచుడి సంతోషంలో నాగేంద్రరావుగారి సంతోషమే నాకు వినిపిస్తుంది.

ఇంకా లోతైన పని ‘తల్పం, గిల్పం’, ‘కంబళి, గింబళి’లో ఉంది. తెలుగులో మనం పుస్తకం గిస్తకం, పెళ్లీ గిళ్లీ అంటాం. మాట మొదటి అక్షరం తీసేసి ‘గి’ చేరిస్తే ‘అలాంటివేవో’ అనే అర్థం వస్తుంది. ఈ ప్రతిధ్వని మాటకు సొంతంగా వస్తువంటూ ఉండదు. మన భాషలో ఇన్ని వందల ఏళ్లుగా ఒంటరిగా అర్థం లేకుండా తిరుగుతున్న ఆ నీడమాటను పట్టుకుని, నాగేంద్రరావుగారు దానికి ఒక ఒళ్లు ఇచ్చారు. తల్పం పక్కన గిల్పం నిజంగా ఉంటుంది, దాని గుణం దానికుంది. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎలా వస్తాయన్న ఆలోచనను ఆయన సినిమాలోనే ఒక పాత్ర చేత చెప్పించారు. చెప్పించి ఊరుకోకుండా పుట్టించి చూపించారు.

మాయాశశిరేఖ దగ్గర ఈ పనితనమంతా ఒక చోటికి చేరుతుంది. శశిరేఖగా వేసిన సావిత్రి ఒంటిలో ఘటోత్కచుడు. సిగ్గుపడుతున్న పెళ్లికూతురు హఠాత్తుగా అసురుడిలా నడుస్తుంది. పెళ్లి పాటలో సుశీల గొంతు మధ్య నుంచి ఘంటసాల గొంతు తొంగిచూస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లకు ఒక అర్థం, మనకు ఇంకో అర్థం. నడిచే ద్వ్యర్థి కావ్యం అది. కళాపూర్ణోదయంలోని మాయరంభకూ ఈ మాయాశశిరేఖకూ మధ్య దాదాపు నాలుగు వందల ఏళ్లు. రెండు వేషాల వెనకా ఉన్న ఇంటిపేరు ఒక్కటే.

చివరగా వెంకయ్య. మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన ఈయనకు లోకం ఇంటిపేరు తీసేసి పనిపేర్లు పెట్టింది. పత్తి మీద పరిశోధన చేస్తే పత్తి వెంకయ్య, రత్నాల సంగతి తెలుసుకుంటే డైమండ్ వెంకయ్య, జపాను భాషలో ఉపన్యసిస్తే జపాన్ వెంకయ్య. వీటన్నిటినీ మించిన పని ఒకటి ఆయన్ను చరిత్రలో నిలిపింది. 1916లోనే జాతీయ జెండా గురించి ఇంగ్లీషులో పుస్తకం వేసి, అందులో ముప్పై నమూనాలు ఇచ్చారు. దేశానికి జెండా కావాలని చాలామంది అనుకుంటున్న రోజుల్లో ఈయన కాగితం మీద రంగులు మార్చి మార్చి చూస్తూ కూర్చున్నారు.

1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. ఎరుపు, ఆకుపచ్చ నేల మీద రాట్నం ఉన్న నమూనా గీసిమ్మని గాంధీజీ అడిగారు. రాట్నం ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. మూడు గంటల్లో వెంకయ్య నమూనా చేతికిచ్చారు. మూడు గంటల వెనక ఎన్ని ఏళ్ల సాధన ఉందో ఆ ముప్పై నమూనాలు చెబుతాయి. అయినా కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైంది. ఆ ఆలస్యమే మేలు చేసిందని గాంధీజీ తర్వాత రాశారు. నిదానంగా ఆలోచించే వీలు దొరికి, మిగిలిన మతాల వారందరికీ గుర్తుగా తెలుపు కూడా ఉండాలని ఆయనకు తోచింది. అలా తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు పట్టీల మీద రాట్నమున్న జెండా తయారైంది. 1931లో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరస వచ్చింది.

1947 జూలై 22న రాజ్యాంగ సభలో ఇప్పటి జెండాను ప్రతిపాదిస్తూ నెహ్రూ చెప్పిన ఒక కారణం చదివినప్పుడు నాకు మా అమ్మ చీర బేరం గుర్తొచ్చింది. రాట్నానికి ఒక పక్క చక్రం, ఇంకో పక్క కదురు ఉంటాయి. జెండాను అటువైపు నుంచి చూస్తే అవి తారుమారవుతాయి. జెండాకు రెండు ముఖాలూ ఒకేలా ఉండాలి. అందుకే రాట్నంలోని చక్రాన్ని మాత్రం ఉంచుకుని, ఇరవై నాలుగు ఆకుల అశోకచక్రంగా నిలిపారు. వెంకయ్య పరిచిన పట్టీల మీద, ఆయన గీసిన రాట్నపు చక్రమే రూపం దిద్దుకుని కూర్చుంది. ఒకరు మొదలుపెట్టి, ఒకరు కలిపి, ఒకరు తీసేసి, అందరూ కలిసి నేసిన గుడ్డ అది. 1963లో కన్నుమూసేదాకా ఆ గుడ్డ మీద తన పేరు కోసం ఆయన చోటు అడగలేదు.

ఆగస్టు పదిహేనున మా వీధి బడిలో జెండా ఎగరేస్తారు. గాలి మారినప్పుడల్లా గుడ్డ తిరగబడుతుంది. గేటు లోపల పిల్లలు ఒక ముఖం చూస్తే, గేటు బయట కూరల బండివాడు ఇంకో ముఖం చూస్తాడు. ఇద్దరికీ అదే చక్రం. మా అమ్మ ఉంటే ఒక్కసారి అంచు పట్టి, వెనక్కి తిప్పి చూసి, తలూపి మడత పెట్టేది.