కొయ్య చీలల మీద నిలిచిన ఊరు

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో చదువుకునే తెలుగు విద్యార్థులకు క్వెడ్లిన్‌బర్గ్ గంటన్నర లోపు రైలు ప్రయాణం. హార్జ్ కొండల ఉత్తరపు అంచున ఉన్న ఈ చిన్న ఊరికి వెళ్లినవాళ్లు ముందుగా కోటగుట్ట ఎక్కుతారు. 936లో కన్నుమూసిన జర్మన్ రాజు హెన్రీని అక్కడే ఖననం చేశారు. ఆయన భార్య మటిల్డా నెలకొల్పిన స్త్రీల మఠం 19వ శతాబ్దం మొదలయ్యేదాకా కొనసాగింది. గుట్ట చూడాల్సిందే. అయితే రోజంతా అక్కడే గడిపేస్తే ఊరి అసలు సొత్తు చూడనట్టే. కింది వీధుల్లో వేలకొద్దీ ఫాఖ్‌వెర్క్ ఇళ్లున్నాయి. కొయ్య చట్రం నిలిపి, ఆ గడులను మట్టితో నింపి కట్టిన ఇళ్లవి.

వోర్డ్‌గాసె అనే సందులోని ఇంటితో మొదలుపెట్టడం మేలు. 14వ శతాబ్దపు ఆ ఇంట్లో 1965 దాకా మనుషులు కాపురమున్నారు. ఇప్పుడది ఈ కట్టుబడిని వివరించే మ్యూజియం. దాని గుంజలు నేల నుంచి చూరు దాకా ఏకాండీగా లేచాయి, అంతస్తు దూలాలను వాటిలోకే దూర్చి బిగించారు.

వడ్రంగం ఇంటి స్థలంలో మొదలయ్యేది కాదు. పచ్చి ఓక్ దుంగలను చెక్కి, చట్రాన్ని ముందు వేరేచోట నేల మీద పరిచి కూర్చేవారు. ఒక కర్ర కొసను సన్నగా చెక్కి, రెండో కర్రలో తొలిచిన బెజ్జంలో దూర్చి, అడ్డంగా కొయ్య చీల దిగ్గొట్టేవారు. చీలకు మాత్రం ఆరిన కొయ్యే కావాలి. చుట్టూ ఉన్న పచ్చి ఓక్ ఆరి ముడుచుకునేకొద్దీ అతుకు బిగుసుకుంటుంది. అన్నీ కుదిరాక ప్రతి కర్రకూ ఉలితో గుర్తు పెట్టి, విడదీసి, మోసుకెళ్లి నిలబెట్టేవారు. ఆ ఉలి గీతలు పాత చట్రాల మీద ఇంకా కనిపిస్తాయి. నేల చెమ్మ తగలకుండా అడుగు దూలానికి కింద రాతి పునాది వేసేవారు.

గోడ పని మన తడిక ఇళ్లు ఎరిగినవారికి చప్పున అర్థమవుతుంది. గడుల్లో పుల్లలు నిలిపి, వాటి మధ్య సన్నకొమ్మలు అల్లి, గడ్డి కలిపి తొక్కిన మట్టిని రెండువైపులా మెత్తి, పైన సున్నం కొడతారు.

తర్వాతి తరాలు పొడవాటి గుంజలు మానేసి, ఒక్కో అంతస్తుకూ విడిగా చట్రం కట్టాయి. పొట్టి కర్రలతోనే పని జరిగింది, పై అంతస్తు వీధి మీదికి కాస్త ముందుకొచ్చింది. ఆ ముందుకొచ్చిన దూలాల మీద విసనకర్ర ఆకారపు చెక్కడాలు, తాడు మెలికలు, కొన్నిచోట్ల ఇల్లు కట్టిన సంవత్సరం కూడా కనిపిస్తాయి.

చెక్కడాలు ఎంత అందంగా ఉన్నా, ఈ విద్య గొప్పతనం మరమ్మతులో తెలుస్తుంది. ఇల్లు కూల్చకుండానే పుచ్చిన ముక్కను కోసేసి, అక్కడ కొత్త ఓక్ అతకవచ్చు. రాలిన మట్టిని నానబెట్టి మళ్లీ మెత్తవచ్చు. మట్టి చెమ్మను పీల్చి బయటికి వదిలేస్తుంది, పక్కనున్న కొయ్యను కాపాడుతుంది. ఇలాంటి ఇళ్లకు సిమెంటు పూసినచోట చెమ్మ లోపలే చిక్కుకుని ఓక్ కుళ్లిపోతుంది.

తూర్పు జర్మనీ రోజుల్లో ఆలనాపాలనా లేక ఇక్కడి ఇళ్లెన్నో శిథిలమయ్యాయి. 1990లో దేశం ఒకటయ్యాక మరమ్మతులు ఊపందుకున్నాయి. 1994లో పాతపట్టణం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. 1999లో యువతకు పాత కట్టడాల పని నేర్పే ‘యూగెండ్‌బావ్‌హ్యూటె’ జర్మనీలోనే మొదటిసారిగా ఈ ఊళ్లో మొదలైంది. చేరినవాళ్లు ఏడాదిపాటు నిపుణుల పక్కన పనిచేస్తూ ఈ విద్య నేర్చుకుంటారు.