మీడియం వచ్చింది, మాట రాలేదు

ఇంగ్లీషు మీడియం గురించి మనవాళ్ళలో ఎవరైనా చిన్న విమర్శ చేస్తే చాలు, "ఇదిగో, దళితులే వద్దంటున్నారు" అని అటువైపు వాళ్ళు చంకలు గుద్దుకుంటారు. ఆ భయంతో ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నాం. నేనూ కట్టేసుకున్నాను. అందుకే ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకుంటాను. వాడ పిల్లకి ఇంగ్లీషు కావాలి, ఒకటో తరగతి నుంచే కావాలి. ఇందులో బేరం లేదు. నా పేచీ అంతా ఇంగ్లీషు పేరు చెప్పి తరగతి గదిలో జరుగుతున్న దానితోనే.

1835లో మెకాలే మినిట్ వచ్చిన కాలంలో ఇంగ్లీషు చదువు పైకులాల నుంచి వడపోసుకుంటూ కిందికి దిగుతుందని నమ్మబలికారు. అది దిగలేదు. పైన పట్టినవాళ్ళు పైనే పట్టుకున్నారు. 1854లోనే సావిత్రిబాయి ఫూలే తన 'కావ్యఫులే'లో ఇంగ్లీషుని తల్లిగా తలుచుకుందంటే, ఆ దాహం ఎంత పాతదో అర్థం చేసుకోవచ్చు. మన దగ్గర మాత్రం సొంత పిల్లల్ని కాన్వెంటు బస్సెక్కించి వచ్చిన పెద్దమనుషులే మన పిల్లలకి మాతృభాష తీపి గురించి ఉపన్యాసాలిచ్చారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ 81వ నంబరు జీవో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2009 విద్యాహక్కు చట్టం "వీలైనంతవరకు" మాతృభాషలో చెప్పమంటుంది. 2020 జాతీయ విద్యావిధానం వీలున్నచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా అదే మాటంటుంది. తల్లిదండ్రుల్ని అడిగితే అత్యధికులు ఇంగ్లీషే కావాలన్నారు. తెలంగాణలో 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకి మొదలుపెట్టారు. పత్రికల్లో, సభల్లో, కోర్టుల్లో ఇంత కొట్లాట జరిగింది గదా, ఇంట్లో ఇంగ్లీషు లేని ఆరేళ్ళ పిల్లకి ఆ భాష ఎట్లా నేర్పుతారు అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ పట్టలేదు. నిజం చెప్పుకోవాలంటే మనకీ పట్టలేదు. జీవో రాగానే గెలిచామనుకున్నాం.

పరిశోధన పని మీద ప్రకాశం జిల్లాలో కొన్ని బడులు తిరిగాను. ఒక బడిలో రెండో తరగతి. టీచరమ్మ బోర్డు మీద వాక్యం రాసి చదివింది: "దిస్ ఈజ్ ఎ ఫ్యాన్." పిల్లలంతా గొంతెత్తి అన్నారు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతానే ఉంది. ఒక్క పిల్లా తలెత్తి దానివైపు చూళ్ళేదు. అందరి కళ్ళూ బోర్డు మీదే. తర్వాత నేను ఒక పిల్లాణ్ణి పిలిచి పైకి చూపించి "వాట్ ఈజ్ దట్?" అన్నాను. వాడు చేతులు కట్టుకుని గట్టిగా "వాట్ ఈజ్ దట్" అన్నాడు. వాడి తప్పేముంది? ఇంగ్లీషులో ఏది వినబడినా తిరిగి అనాలని వాడికి రెండేళ్ళుగా నేర్పారు. ఆ భాషలో ఎవరైనా తనని ఒక మాట అడగొచ్చని, తను జవాబు చెప్పొచ్చని వాడికి తెలియదు.

ఈ పద్ధతి మనకి కొత్తది కాదు. దీన్ని సంత చెప్పడం అంటారు. గురువు అంటే శిష్యుడు అనాలి, స్వరం తప్పకూడదు, అర్థం తర్వాత సంగతి. వేదం నేర్పిన పద్ధతినే తీసుకొచ్చి ఇంగ్లీషుకి తగిలించారు. ఆ రోజుల్లో వేదం వింటే చెవుల్లో సీసం పోయమని రాసుకున్నారు. ఇప్పుడు వినడానికి ఒప్పుకున్నారు, అర్థం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ తలుపేసుకున్నారు.

మా అక్క కూతురు మూడో తరగతి. దాని నోటుపుస్తకంలో అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. మా అక్క చదువుకోలేదు. ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "చూడరా, ఎంత బాగా రాసిందో" అని మురిసిపోయింది. ఒక మాట మీద వేలు పెట్టి ఇదేందమ్మా అని అడిగాను. "అది నాలుగో ప్రశ్న జవాబు మామా" అంది పాప. మా అక్క ముఖం చూసి నేనింకేం అడగలేకపోయాను. రేపు ఆ పాప పదో తరగతిలో తప్పితే తప్పెవరిదంటారు? "వాళ్ళకి ఇంగ్లీషు ఎక్కదు" అంటారు. నేర్పకపోవడం బడి చేసిన పని, దాని మచ్చ మాత్రం పిల్ల కులం మీద పడుద్ది.

ఇక పుస్తకాల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి రెండు భాషల పాఠ్యపుస్తకాలు తెచ్చారు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు. ఆలోచన మంచిదే, నేను దాన్ని కొట్టిపారేయను. కానీ ఆ తెలుగు ఎవరి తెలుగు? ఎవాపరేషన్‌కి మన సైన్సు పుస్తకాలు బాష్పీభవనం అంటాయి. మా అమ్మ కూరలో నీళ్ళు "ఇగిరిపోయినయ్" అంటది. ఇంగ్లీషు తెలియని పిల్ల అర్థం కోసం పక్క పేజీకి పోతే అక్కడ సంస్కృతం కూర్చుని ఉంటది. ఆ పిల్లకి రెండు పేజీలూ పరాయివే. గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద పోరాడిన మాట నిజమే. ఆ పోరాటం తర్వాత పుస్తకాల్లో కుదురుకున్న తెలుగు చదువుకున్న పైకులాల వాడుక. మాతృభాష, మాతృభాష అని వాదించే పండితులు మా తల్లుల భాషని ఏ పాఠంలో పెట్టారో చూపించాలి.

అసలు వాడ పిల్ల బడికి ఒట్టి నోటితో రాదు. మా అక్క పొగాకు పనికి పోద్ది. బ్యారను, గ్రేడు, బేలు, ప్లాట్‌ఫారం అనే మాటలు రోజూ దాని నోట్లో నలుగుతాయి. అవి ఇంగ్లీషు మాటలని దానికెవరూ చెప్పలేదు. పాపకి బస్సు, టికెట్టు, చార్జరు, కరెంటు, మోటారు, హాస్టలు, రేషను, బిల్లు అన్నీ తెలుసు. ఇట్లాంటి మాటలు ఏరితే వందల్లో ఉంటాయి. వాడలో మాటలు ఏరి గోడకి అంటించి అక్కడినుంచి మొదలుపెడితే, ఇంగ్లీషు తనకి సగం తెలిసిన భాషేనని పిల్లకి ధైర్యం వస్తుంది. దానికి బదులు ఎ ఫర్ యాపిల్ అని, ఎప్పుడో జ్వరమొస్తే తప్ప తినని పండుతో మొదలుపెడతారు.

వేరే దారి లేకపోలేదు. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు బడుల్లోనే ఒక ప్రయోగం నడిపాడు. వ్యాకరణ సూత్రాలు, గుంపుగా అనిపించడాలు పక్కనపెట్టి పిల్లలకి పని ఇచ్చారు. ఒక టైమ్‌టేబులు చూసి ఏ బండి ముందొస్తుందో చెప్పాలి, ఒక పటం చూసి దారి చెప్పాలి. పిల్లలు ఒక్క మాటలో జవాబు చెప్పినా తీసుకున్నారు. పని మీద ధ్యాస పెడితే భాష దానంతటదే పడుతుందని ఆయన వాదన. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఇంటిభాషల్ని తరగతిలో వనరుగా వాడుకోమనే చెప్పింది. ఇంగ్లీషు బోధన కోసం 1958లోనే హైదరాబాదులో కేంద్రం ఒక సంస్థ పెట్టింది. ఇంత తెలివి మన మధ్యే ఉన్నా మన వాడ బడి గడప తొక్కలేదు.

టీచర్ని తిట్టి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. వాళ్ళలో చాలామంది తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు. మనవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లీషులో తప్పొస్తుందేమోనని వణుకుతూ పుస్తకంలో ఉన్నది తప్ప ఒక్క ముక్క మాట్లాడరు. పైగా విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. ఐదు తరగతులు, ఇద్దరు మనుషులు. ఒక తరగతికి చెబుతుంటే పక్క తరగతి ఏం చేయాలి? కాపీ రాయాలి. మా పాప ముత్యాల అక్షరాలు అక్కడినుంచి వచ్చినవే.

కాబట్టి మన డిమాండు మారాలి. మీడియం ఇమ్మని అడిగాం. ఇప్పుడు నేర్పమని అడగాలి. మొదటి రెండేళ్ళు వినడం, మాట్లాడటమే ఎక్కువగా ఉండాలి. అర్థం కానిచోట వాడభాషలో చెప్పడం తప్పు కాదని జీవోలోనే రాయాలి. టీచర్లకి నాలుగు రోజుల మొక్కుబడి శిక్షణ చాలదు, ఏడాది పొడుగునా మాట్లాడే అలవాటు కావాలి. తరగతికొక టీచరు కావాలి. చేత్తో తిప్పి చూసుకునే కథల పుస్తకాలు కావాలి, బీరువాలో తాళం వేసినవి కాదు.

ఇది చదివే కార్యకర్తలకి, విద్యార్థులకి, మాష్టార్లకి ఒక పని చెబుతాను. ఈ నెలలో ఒకరోజు మీ ఊరి బడికి పోయి వెనక బెంచీలో గంటసేపు కూచోండి. చివర్లో ఒక పిల్లని పిలిచి పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి ఇంగ్లీషులో అడగండి. పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగినా చాలు. ఆ పిల్ల ఒక్క మాటైనా సొంతంగా చెబితే ఆ టీచరుకి దండం పెట్టి రండి. మీ ప్రశ్నే మీకు తిరిగి అప్పజెబితే మాత్రం, జీవో వచ్చిన రోజున మనం పంచుకున్న మిఠాయిలు ఒకసారి గుర్తుచేసుకోండి.