పిలక తీసేముందు పువ్వు చూడాలి

ఇచ్ఛాపురం దగ్గర బాహుదా నది ఒడ్డున, ఉద్దానం తీరం పొడవునా మొగలి పొదలు కొత్తేం కాదు. ఆకు రెండంచులా ముళ్లు, నడిమి ఈనె అడుగున ఇంకో వరుస. శివపూజకు మొగలి పువ్వు పనికిరాదని పురాణం వెలివేసినా, ఆడవాళ్ల జడల్లో దాని చోటు దానిదే.

నాటి పెంచాలనుకునేవారికి అసలు చిక్కు ముళ్లతో కాదు. మొగలిలో మగ పొద వేరు, ఆడ పొద వేరు. పువ్వు ఘుమఘుమ మగదానిది. ఆడదానికి అనాసలాంటి కాయ వస్తుంది. గింజ వేస్తే మొలుస్తుంది గానీ, అది ఏదో తేలేది పూసినప్పుడే. అందుకు కొన్నేళ్లు ఆగాలి. పిలకతో ఆ బెంగ లేదు, తల్లి ఏదైతే పిల్లా అదే. వానాకాలంలో పూసిన మగ పొదను గుర్తుపెట్టుకోవాలి. ఊడవేళ్లు దిగిన పిలకను పదునైన కత్తితో కోసి, పొడవాటి ఆకుల్ని సగానికి కత్తిరించి, తడి నేలలో పాతాలి. ఆకులు అలాగే వదిలేస్తే, లేత వేళ్లు తోడే నీళ్లు వాటికి చాలక పిలక వాడిపోతుంది.

ఋషికుల్య నది నుంచి బాహుదా దాకా ఉన్న ఒడిశాలోని గంజాం తీరం, మొగలి పూల నుంచి తీసే కేవడా అత్తరుకు పుట్టిల్లు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇచ్ఛాపురమూ గంజాం జిల్లాలోదే. గీత మారింది, నేల మారలేదు. పువ్వును తెల్లవారుజామునే కోసి బట్టీకి చేర్చాలి, ఎండెక్కితే పరిమళం పోతుంది. రాగి పాత్రలో పూలూ నీళ్లూ వేసి మరిగిస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా చల్లటి నీళ్లలో ముంచిన మరో పాత్రకు చేరుతుంది. అందులో గంధపు నూనె ఉంటే అత్తరు. ఆవిరిని నీరుగానే పట్టుకుంటే మిఠాయిలకూ బిర్యానీకీ వాడే కేవడా నీళ్లు.

ఇంత విలువ మగ పూవుకే దక్కడంతో ఆడ పొద ఎవరికీ పట్టదు. ఇది అన్యాయమే కాదు, ప్రమాదం కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. అంత గాలిని మొగలి ఒక్కటే ఆపుతుందని ఎవరూ అనరు. కానీ ఊడలు దించి ఇసుకను కదలకుండా పట్టే పనిలో ఆడామగా తేడా లేదు.

గట్టు మీద రాబడికి మగ పిలకలు వేసుకున్నా, సముద్రం వైపు దిబ్బలకు గింజ మొలకలే చాలు. పండిన కాయ నారింజ రంగుకు తిరిగి తునకలుగా విడిపోతుంది. పీచు పట్టిన ఆ తునకలు ఉప్పునీటిలో తేలుతూ పోయి వేరే ఒడ్డున మొలవగలవు. తొలకరి పడ్డాక వాటిని ఏరి దిబ్బ వాలులో పాతితే మొక్క ఖర్చు కూడా ఉండదు.