పోఖరా: మబ్బు కమ్మేలోగా

నేపాల్ రాజధాని ఖాట్మండూకి పడమరగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, ఫేవా సరస్సు ఒడ్డున పోఖరా నగరం ఉంది. ఊరి ఎత్తు 800 మీటర్ల పైచిలుకే. మన అరకు లోయ కంటే కాస్త పల్లమే అనాలి. కానీ ఉత్తరంగా పాతిక, ముప్పై కిలోమీటర్లు వెళ్తే చాలు, అన్నపూర్ణ శ్రేణి ఏడు వేల మీటర్లు దాటి నిలబడి ఉంటుంది. మధ్యలో చూపును ఆపేంత పెద్ద కొండల వరస లేదు. అరటి చెట్ల పక్కన నిలబడి మంచు శిఖరాలను చూడగలగడం ఈ నేల అమరికలోని విశేషం. అన్నిటికన్నా దగ్గరగా ఉన్న మచ్ఛపుచ్ఛ్రే ఎత్తు 6,993 మీటర్లు. అన్నపూర్ణ-1 దానికంటే వెయ్యి మీటర్లకు పైగా ఎత్తయినా వెనక ఉండిపోవడంతో, ఊళ్లోవాళ్ల కంటికి మచ్ఛపుచ్ఛ్రేనే పెద్దది. 1957లో ఒక బ్రిటిష్ బృందం ఈ శిఖరం కొసకు దాదాపు 50 మీటర్ల దిగువ దాకా వెళ్లి వెనుదిరిగింది. ఆ తర్వాత పవిత్ర శిఖరమంటూ నేపాల్ దీన్ని ఎక్కడానికి అనుమతులు ఆపేసింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి పోఖరాకు చేరేవారిలో చాలామంది ముక్తినాథ్ యాత్రికులే. గోరఖ్‌పూర్ దాకా రైలు, సునౌలీ దగ్గర సరిహద్దు, అక్కణ్నుంచి బస్సు. ఆ ప్యాకేజీల్లో పోఖరాకు 'లోకల్ సైట్ సీయింగ్' పేరుతో ఒక పూట దక్కుతుంది. స్నానాలు, టిఫిన్లు ముగించుకుని తొమ్మిదికో పదికో బస్సెక్కితే డేవిస్ ఫాల్స్, గుప్తేశ్వర్ గుహ, వింధ్యవాసిని గుడి, మహేంద్ర గుహ, చివర్లో పడవ షికారు. జాబితాలో తప్పు పట్టాల్సిందేమీ లేదు, వేళలోనే ఉంది చిక్కంతా. బస్సు కదిలే సరికి ఆ ఊరికి అంత పేరు తెచ్చిన కొండలు చాలా రోజుల్లో మబ్బు వెనక్కి వెళ్లిపోయి ఉంటాయి.

దీనికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. రాత్రంతా చల్లబడిన లోయలో తెల్లవారుజామున గాలి కదలదు, ఆకాశం తేటగా ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ లోయలోని గాలి వేడెక్కి వాలు వెంబడి పైకి పాకుతుంది. పైన చల్లబడి మబ్బుగా మారి శిఖరాలను కప్పేస్తుంది. పోఖరా నేపాల్‌లో బాగా వానలు పడే ప్రాంతం. పడమరనున్న లుమ్లేలో ఏటా సగటున 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. హైదరాబాద్ వానకు ఇది ఆరింతలు. జూన్ నడిమి నుంచి సెప్టెంబర్ దాకా వారాల తరబడి శిఖరాలు కనిపించకపోయినా వింత లేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వాన లేకున్నా అడవి మంటల పొగ, దుమ్ము చూపును మసకబారుస్తాయి. అక్టోబర్, నవంబర్ నెలలే నమ్మదగినవి. అప్పుడు కూడా మధ్యాహ్నాన్ని నమ్ముకోకూడదు.

కాబట్టి పోఖరాలో రోజు సారంగ్‌కోట్‌తో మొదలవ్వాలి. ఊరికి వాయవ్యంగా సుమారు 1,600 మీటర్ల ఎత్తున్న ఈ గుట్ట మీదికి రోడ్డు ఉంది, ఇప్పుడు కేబుల్ కారు కూడా వచ్చింది. సూర్యోదయం చూడాలంటే చీకటి ఉండగానే కారులో బయల్దేరడమే పద్ధతి. ఇక్కడ చూడాల్సింది తూర్పున వచ్చే సూర్యుణ్ని కాదు; వీపు తూర్పుకు పెట్టి, పడమరన ధవళగిరి మొదలుకొని ఉత్తరాన అన్నపూర్ణ శిఖరాల దాకా వెలుగు కొసల నుంచి కిందికి దిగడాన్ని చూడాలి. సూర్యబింబం కోసం ఫోన్లు పట్టుకుని నిలబడే గుంపు అసలు దృశ్యానికి వీపు చూపిస్తుంటుంది. ఆ తర్వాత, పొద్దెక్కాక, పారాగ్లైడర్లు ఎగరడం మొదలవుతుంది. కొండలను మబ్బుతో కప్పే వేడిగాలే వాళ్లను పైకి లేపుతుంది. ఒకరికి దృశ్యం ముగిసే వేళకు మరొకరికి ఆట మొదలు.

సరస్సుకు దక్షిణాన ఆనదు గుట్ట మీద శాంతి స్తూపం ఉంది. జపాన్ బౌద్ధ గురువు నిచిదత్సు ఫుజీ చొరవతో 1973లో పునాది వేశారు. మరుసటి ఏడాదే అప్పటి నేపాల్ ప్రభుత్వం కట్టడాన్ని కూల్చేసింది. 1990ల్లో మళ్లీ కట్టి 1999లో ప్రారంభించారు. ఇక్కణ్నుంచి సరస్సు, ఊరు, శిఖరాలు మూడూ ఒకే చూపులో ఇముడుతాయి. వెనక నుంచి కారులో వచ్చి మెట్లెక్కవచ్చు. పడవలో సరస్సు దాటి అడవి బాటలో గంటసేపు నడిచి ఎక్కడం ఇంకా బాగుంటుంది, మోకాళ్లు సహకరిస్తే.

మబ్బు కమ్మాక తల దించి నేలను చూడాలి. పోఖరాలో ఎక్కువ కథ ఉన్నది నేలలోనే, గైడ్లు తక్కువ చెప్పేదీ అదే. ఊరంతా అన్నపూర్ణ కొండల నుంచి కొట్టుకొచ్చిన రాళ్లూ గులకలూ పేరుకున్న మేట మీద నిలబడి ఉంది. మధ్యయుగాల్లో, దాదాపు 1100, 1255, 1344 సంవత్సరాల్లో వచ్చిన పెను భూకంపాలకూ ఈ మేటకూ సంబంధం ఉందని 2016లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. సేతి నది మోసుకొచ్చిన ఆ రాళ్లు పక్క లోయల నోళ్లను మూసేయడంతో వాగుల నీళ్లు నిలిచి ఫేవా, బేగ్నాస్, రూపా వంటి సరస్సులు ఏర్పడ్డాయి. అంటే ఏ విపత్తులు లోయను పూడ్చాయో అవే సరస్సులనూ ఇచ్చాయి. ఆ మేటలో సున్నం ఉంది. నీటికి కరిగే గుణం ఉండటంతో నేల కింద గుహలు, సొరంగాలు పడ్డాయి.

ఇది తెలిస్తే ప్యాకేజీలోని విడివిడి 'పాయింట్లు' ఒకే కథలో భాగాలవుతాయి. మహేంద్ర పుల్ వంతెన మీద నిలబడి కిందికి చూస్తే సేతి నది తన మేటను తానే కోసుకుంటూ ఇరుకైన చీలికలో పాల రంగులో పారుతుంటుంది. ఆ తెలుపు సున్నపురాతి పొడిది. కొన్నిచోట్ల చీలిక ఎంత సన్నగా ఉంటుందంటే హోరు వినిపిస్తుంది గానీ నీళ్లు కనిపించవు. ఫేవా నుంచి బయటికొచ్చే పార్దీ వాగు డేవిస్ ఫాల్స్ దగ్గర ఉన్నట్టుండి నేలలోకి దూకి మాయమవుతుంది. 1961లో ఇక్కడ కొట్టుకుపోయిన ఒక స్విస్ మహిళ పేరు మీదుగా జలపాతానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. స్థానికులకు మాత్రం అది పాతాళే ఛాంగో. మాయమైన నీళ్లు రోడ్డుకు అవతలనున్న గుప్తేశ్వర్ గుహ అడుగున కనిపిస్తాయి. మెట్లు దిగి శివలింగాన్ని దర్శించుకుని చాలామంది అక్కణ్నుంచే వెనుదిరుగుతారు. ఇంకాస్త లోపలికి వెళ్తే చీలికలోంచి జలపాతం అడుగు భాగం కనిపిస్తుంది. ఆ టికెట్టుకు విలువంతా అక్కడుంది. అయితే వానాకాలంలో నీళ్లు నిండితే ఆ దిగువకు వెళ్లనివ్వరు. కొండలు బాగా కనిపించే ఎండు నెలల్లో జలపాతం పాయలా చిక్కిపోతుంది. పోఖరా మొత్తాన్ని ఒకే రుతువులో చూడటం సాధ్యం కాదు.

ఇదే నేల ప్రమాదకరం కూడా. 2012 మే 5న అన్నపూర్ణ-4 వైపు కొండచరియ విరిగిపడి సేతికి ఉన్నట్టుండి వరద వచ్చింది. చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిసి 70 మందికి పైనే. ఆ ఉదయం ఊళ్లో వాన లేదు.

ఇక సరస్సు. ప్యాకేజీలో సాయంత్రానికి వాయిదా పడే పడవ షికారుకు నిజానికి పొద్దున్నే మంచి వేళ. గాలి లేవకముందు నీళ్లు కదలవు. దక్షిణపు ఒడ్డు వైపు పడవ జరిగితే మచ్ఛపుచ్ఛ్రే నీడ నీటిలో నిలబడుతుంది. హోటళ్లూ దుకాణాలూ ఉన్న తూర్పు ఒడ్డున, లేక్‌సైడ్ బజారులో, కూర్చున్నవారికి ఆ నీడ దక్కదు. సరస్సు మధ్య చిన్న దీవిలో రెండంతస్తుల పగోడా కప్పుతో తాల్ బారాహీ గుడి ఉంది. అమ్మవారు దుర్గ రూపమైన వారాహి. నేపాల్‌లో శనివారం సెలవు కాబట్టి ఆరోజు పడవల దగ్గర తోపులాట తప్పదు. ఫేవా ఏటా చిక్కిపోతోంది. హర్పన్ వాగు తెచ్చే మట్టి పడమటి కొసను పూడుస్తుంటే ఒడ్డు ఆక్రమణలు మిగతా పని చేస్తున్నాయి. 2016లో ఈ లోయలోని తొమ్మిది సరస్సులను కలిపి చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. పేరు చేరినంత మాత్రాన పూడిక ఆగదు.

రెండో రోజు ఉన్నవారు తూర్పుగా బేగ్నాస్‌కు వెళ్లవచ్చు. సందడి తక్కువ, చేపల భోజనం బాగుంటుంది, పక్కనే గట్టు ఎక్కితే అటువైపు రూపా సరస్సు. నడవగలిగినవారు కాందే దాకా కారులో వెళ్లి, ఆస్ట్రేలియన్ క్యాంప్ మీదుగా ధంపుస్ ఊరికి దిగితే ట్రెక్కింగ్ అంటే ఏమిటో ఒక్క రోజులో తెలుస్తుంది. పాత బజారులో నేవార్ వర్తకుల ఇటుక ఇళ్లు, 1959 తర్వాత వచ్చిన టిబెటన్ల కాలనీలో తివాచీల నేత చూడదగ్గవి. వానపడే రోజుకు అంతర్జాతీయ పర్వత మ్యూజియం ఉంది. 1950 జూన్ 3న ఇద్దరు ఫ్రెంచివారు అన్నపూర్ణ-1 ఎక్కిన సంగతి అక్కడ తెలుసుకోవచ్చు. ఎనిమిది వేల మీటర్ల శిఖరాన్ని మనిషి ఎక్కడం అదే మొదలు.

ముక్తినాథ్‌ను మాత్రం ఒక్క రోజు షికారుగా లెక్కించకూడదు. 108 దివ్యదేశాల్లో ఒకటిగా, సాలగ్రామాలు దొరికే కాళీగండకీకి చేరువైన క్షేత్రంగా తెలుగు వైష్ణవులకు ఆ చోటు మీద మక్కువ ఉండటం సహజం. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు విమానంలో ఇరవై నిమిషాలే. ధవళగిరి, అన్నపూర్ణల నడిమి లోయలో పొద్దెక్కాక గాలి ఉధృతంగా వీస్తుంది కాబట్టి విమానాలు ఉదయమే నడుస్తాయి, తరచూ రద్దవుతాయి. పైగా 800 మీటర్ల ఊరి నుంచి 3,700 మీటర్ల పైనున్న గుడికి ఒక్క పూటలో చేరితే వయసు మళ్లినవారికి ఊపిరాడకపోవచ్చు. జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆగి ఎక్కడమే క్షేమం.

డబ్బు కట్టేముందే ప్యాకేజీవాళ్లను మూడు సంగతులు అడగండి: పోఖరాలో రెండు రాత్రులు ఉన్నాయా, ఒక తెల్లవారుజామున సారంగ్‌కోట్ ఉందా, విమానం రద్దయితే ఖాళీ రోజు ఉందా. బస్సు బయల్దేరాక వీటిలో ఒక్కటీ మార్చరు.